ఎక్కించుకున్నవాళ్ళే దింపాలి

మా రహీమా గురించి చెప్పమంటే నేను ముందు నాలుగు తిట్లు తిట్టి, ఆ తర్వాతే విషయంలోకి వస్తాను. నా నోరు అంతే. ఆవిడకి ఎప్పుడో అలవాటైపోయింది. ఏలూరులో మాది పరుపుల కొట్టు. నా పేరు నన్నే సాహెబ్. మేం దూదేకులవాళ్ళం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. నేను దూది ఏకి పరుపు నింపుతాను, ఆవిడ గలేబులు కుడుతుంది. సాయంత్రానికి నా గెడ్డం నిండా బూరుగు దూది పట్టి ఉంటుంది. పక్క కొట్టువాళ్ళు "ఏవండీ సాహెబు గారూ, ఇవాళ మీ ఒక్కరి మీదే మంచు కురిసిందా?" అని ఏడిపిస్తారు. ఇంత మెత్తటి వ్యాపారం చేసుకునే కొంపలోకి ఇంత మొండి మనిషి ఎలా వచ్చి పడిందో నాకిప్పటికీ అర్థం కాదు.

పుట్టింది తాడేపల్లిగూడెంలో. చదివింది ఏడో తరగతి. కాపురానికి వచ్చిన కొత్తలో నోట్లో నాలుక లేని పిల్ల అనుకున్నాం. "మీరు నన్ను మాట్లాడనిస్తే కదండీ" అంటుంది ఇప్పుడు. ఆ నాలుక బయటపడింది పర్వేజ్ అనే కుర్రాడి పుణ్యమా అని. మా వీధివాడే, లారీ మీద క్లీనరు. ఏదో దొంగతనం కేసని పోలీసులు పట్టుకెళ్ళారు. వాళ్ళమ్మ ఏడుస్తూ మా కొట్టు ముందు నుంచి పోతుంటే, ఈవిడ కత్తెర పక్కన పడేసి వెనకాలే వెళ్ళింది. "ఏం కేసండీ?" అని స్టేషన్లో అడిగిందట. చెప్పలేదు. "చెప్పేదాకా ఇక్కడే ఉంటానండీ" అని గుమ్మం పక్కన నిలబడిందట. సాయంత్రానికి వాళ్ళకే విసుగెత్తి పర్వేజ్‌ని వదిలేశారు. సరిగ్గా ఆ రోజే నా కొంప మునిగింది.

ఆ సంగతి విని అచ్యుతరావు గారు మా కొట్టు వెతుక్కుంటూ వచ్చారు. ఆయన ముదినేపల్లిలో వరి పండించే రైతు, హక్కుల సంఘానికి జిల్లా అధ్యక్షుడు. మంచి మనిషే గానీ, మంచినీళ్ళు అడగాలన్నా ఉపన్యాసం ఇచ్చినట్టే అడుగుతారు. మా ఆవిడని సంఘంలో చేర్చింది ఆయనే. ఇక చూడండి, మా కొట్టుకి పరుపులు కొనేవాళ్ళు తగ్గి, కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అని నేను అరిస్తే, "కంద నోరు విప్పి చెప్పుకోలేదు కదండీ" అని తలెత్తకుండా గలేబు కుట్టుకునేది. అలాంటి మనిషితో ఏం వాదిస్తాం!

ఇక రెండువేల ఆరు వేసవి సంగతికి వస్తాను. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేయడం మొదలైంది. సరస్సు బతకాలంటే చెరువులు పోవాలని ప్రభుత్వం అంది. మా ఆవిడ కూడా సరస్సు బతకొద్దని ఏనాడూ అనలేదు. వెదుళ్ళలంక అనే ఊరి దగ్గర గొడవైంది. అక్కడి జాలర్లందరిదీ కలిపి ఒక చెరువు. చేప ఇంకా పట్టలేదు. గట్టు మీదకి పొక్లెయిన్ వచ్చింది. చేప పట్టుకునేదాకా ఆగమని దుర్గేష్ అనే కుర్రాడు మిషను ముందు పడుకున్నాడు. తోపులాట జరిగింది. ఆ తోపులాటలో ఎవరో ఒక ఆఫీసరు మీద చెయ్యి వేశారు. ఎవరు వేశారో నాకు తెలియదు, పోలీసులకీ తెలియదు. పడుకున్నవాడి పేరు తెలుసు గనక ఆ పేరే రాసేశారు. దుర్గేష్ పోయి సరస్సులో మనిషెత్తు పెరిగిన కిక్కిస గడ్డిలో దాక్కున్నాడు.

అప్పుడొచ్చాడు మా కొట్టుకి ఆ ప్రాంతం ఎస్సై. ఆయన పేరూ స్టేషన్ పేరూ చెప్పను. చెబితే మళ్ళీ మా గుమ్మం ముందు జీపు ఆగుతుంది. మామూలు చొక్కా వేసుకుని వచ్చి, నేను కూర్చోమన్న స్టూలు మీద కూర్చుని, మేమిచ్చిన టీ తాగాడు. "అమ్మగారూ, సంఘం మనిషి గనక ఆ కుర్రాడు మీ మాట వింటాడని అంటున్నారండీ. గడ్డిలో ఎంతకాలం ఉంటాడు చెప్పండి, పాములూ అవీ. మీరే తీసుకొచ్చెయ్యండి. రెండు మాటలు అడిగి మీ వెంటే పంపించేస్తాం. నా మాటండీ" అన్నాడు. వెళ్తూ వెళ్తూ నాకు నమస్కారం కూడా పెట్టాడు.

మా గోదావరి వైపు వాళ్ళకి ఒక జబ్బుంది. ఎదుటివాడు 'అండీ' అన్నాడంటే చాలు, వాడు మన బంధువే అనుకుంటాం. కసిరినవాణ్ణి అనుమానిస్తాం, మర్యాద చేసినవాడికి తాళాలు ఇచ్చేస్తాం. నోరు మంచిదైతే ఊరు మంచిదని చిన్నప్పటి నుంచీ నూరిపోశారు మరి. అచ్యుతరావు గారు హైదరాబాద్‌లో సంఘం మీటింగుకి వెళ్ళి ఉన్నారు. ప్లీడర్ని వెంటబెట్టుకుని వస్తాను, అందాకా ఆగమని ఫోన్‌లో చెప్పారు. ఈవిడ ఆగలేదు. రోజూ లంకలో ఇళ్ళు సోదా చేస్తున్నారు, గడ్డికి నిప్పు పెడతారని పుకారు. పైగా ఎస్సై మాటిచ్చాడు కదా! ఒక్కతే బయల్దేరి వెళ్ళింది.

అక్కడ జరిగింది నేను తర్వాత దుర్గేష్ తల్లి రాజ్యం నోటే విన్నాను. భర్త పోయిన మనిషి. ఉన్నది ఒక్కడే కొడుకు. లంక నుంచి బయటికి రావాలంటే పడవే దారి. ఆ లంకవాళ్ళకి ఒక కట్టుబాటుంది. ఒకరి పూచీ మీద ఇంకొకరు పడవెక్కితే, ఎక్కించుకున్నవాళ్ళే తిరిగి తెచ్చి అదే రేవులో దింపాలి. పెళ్ళికూతురైనా, రోగి అయినా, చంటిబిడ్డ అయినా అంతే. దింపేదాకా ఆ పూచీ పడ్డ మనిషిని లంకలోకి ఏ పడవా తీసుకురాదు. రాజ్యం ఆ మాట చెప్పి, "ఒప్పుకుంటారా అమ్మగారూ?" అని అడిగింది. "ఒప్పుకుంటానమ్మా" అంది మా ఆవిడ. దుర్గేష్ గడ్డిలోంచి వచ్చి పడవెక్కాడు. తల్లే చేత్తో పడవని రేవు నుంచి నెట్టింది.

స్టేషన్లో ఎస్సై లేడట. లోపలున్నవాళ్ళు ఈవిడకి కాఫీ ఇచ్చారు. కుర్రాణ్ణి లోపలికి తీసుకెళ్ళారు. "సార్ రావడం ఆలస్యమవుద్దండీ, ఆడవాళ్ళు మీరెంతసేపని కూర్చుంటారు? పొద్దున్న రండి, తీసుకెళ్ళిపోదురు గాని" అన్నారు. ఈవిడ వాళ్ళకి థాంక్స్ చెప్పి మరీ ఇంటికొచ్చింది!

పొద్దున్నే వెళ్తే ఎస్సై ఉన్నాడు. "ఎవరండీ? దుర్గేషా? ఇక్కడికెవరూ రాలేదే అమ్మా" అన్నాడు. అదే మర్యాద, అదే చిరునవ్వు. లాకప్ తలుపు తీసి చూపించాడట, ఖాళీ.

ఇంటికొచ్చి ఏకిన దూది పక్కన చతికిలబడింది. "మోసపోయానండీ" అంది. అంతే, నేను ఇంటి పైకప్పు ఎగిరిపోయేలా అరిచాను. అచ్యుతరావు గారు ఆగమన్నారా లేదా? పోలీసువాడి 'అండీ' విని పడిపోతావా? ఆ తల్లికి ఏం చెబుతావు? అన్నీ విని, "నన్ను తర్వాత తిట్టండి. వాడు ఎక్కడున్నాడో తెలియాలి ముందు. బతికి ఉన్నాడో లేదో తెలియాలి" అంది. నాకు కూడా అప్పుడే భయం పట్టుకుంది. కుర్రాణ్ణి తీసుకెళ్ళింది ఈవిడ. స్టేషన్లోకి వెళ్ళడం చూసింది ఈవిడొక్కతే. రాలేదని పోలీసులంటే, ఇక వాడు ఏమైపోయినా అడిగేవాళ్ళు లేరు.

రాజ్యానికి చెప్పాలని ఇద్దరం ఇవతలి రేవుకి వెళ్ళాం. పడవ నడిపే ముసలాయన లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. "మీరంటే కోపం లేదండి. కానీ దుర్గేష్ లేకుండా మిమ్మల్ని ఎక్కించుకోలేమండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "ఏంటయ్యా ఇది, పోలీసులు చేసినదానికి మా ఆవిడకి శిక్షా?" అని లేచాను. రహీమా నా చెయ్యి పట్టుకుని లాగింది. "ఆయన చెప్పింది సరైనదేనండీ. పూచీ పడ్డది నేను" అంది.

అచ్యుతరావు గారు ఫోన్ చేసి హైకోర్టులో పిటిషన్ వేద్దామన్నారు. మనిషిని కోర్టులో హాజరుపరచమని అడిగే పిటిషన్. దానికి టైము పడుతుంది. "ఈలోగా వాణ్ణి ఏం చేస్తారండీ?" అని ఈవిడ అడిగితే ఉపన్యాసాల మనిషి "ప్లీడర్ని అడుగుతానమ్మా" అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. "మీరు అది వెయ్యండి. నేను ఇక్కడ చూస్తాను" అని ఫోన్ పెట్టేసింది.

ఆవిడ చూడడం అంటే ఏముంది, స్టేషన్ మెట్ల మీద కూర్చోవడమే. వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ ఒకటే మాట. "నేను తీసుకొచ్చి అప్పజెప్పిన కుర్రాడు ఏడండీ?" కంప్లయింట్ ఇవ్వడానికి వచ్చిన రైతుకీ అదే, ఎస్సై గారి కోసం వచ్చిన నాయకుడికీ అదే. మొదటి రోజు నవ్వారు. రెండో రోజు వెంకట్రాజు అనే హెడ్ కానిస్టేబుల్‌ని మా కొట్టుకి పంపించారు. "సాహెబు గారూ, చెల్లెమ్మకి కాస్త చెప్పండి. సార్ ఇప్పటిదాకా ఓపిక పట్టారు. ఆడవాళ్ళని అదుపులో పెట్టుకోకపోతే ఎలాగండీ?" అన్నాడు. "నా అదుపులో ఉంటే ఇన్నాళ్ళూ ఇలా ఉంటుందా బాబూ? మీకు చేతనైతే మీరు పెట్టండి" అన్నాను. నిజంగా కోపంతోనే అన్నాను. ఆయన దాన్ని సలహా అనుకున్నట్టున్నాడు, మర్నాడు మధ్యాహ్నం ఆడ కానిస్టేబుల్ని పిలిపించి అరెస్టు చేశారు. డ్యూటీకి అడ్డం వచ్చిందని కేసు.

నాకు ఫోన్ వచ్చింది. కొట్టు తలుపులు దగ్గరికి వేసి, గెడ్డంలో దూది కూడా దులుపుకోకుండా పరిగెత్తాను. ఎస్సై కుర్చీ వేయించాడు. "చిన్న కేసేనండీ. స్టేషన్లోనే బెయిల్ ఇచ్చేస్తాం. మీరిక్కడ జామీను సంతకం పెడితే చాలు, అమ్మగారిని ఇంటికి తీసుకెళ్ళిపోవచ్చు. ఇంకోసారి ఇటు రానివ్వకండి" అని పెన్ను నా చేతికిచ్చాడు. నా ప్రాణం లేచొచ్చింది. కాగితం మీదకి వంగాను.

"సంతకం పెట్టకండి" అంది రహీమా, గోడ పక్క బెంచీ మీద నుంచి.

"నోర్ముయ్యవే! చేసిన నిర్వాకం చాలదా?" అన్నాను.

"మీరు సంతకం పెడితే నన్ను ఇటు నుంచి ఇటే ఇంటికి పంపించేస్తారండీ. పెట్టకపోతే మేజిస్ట్రేటు గారి ముందుకి తీసుకెళ్ళక తప్పదు. ఆయనతో మాట్లాడాలి నేను. ఇంకెవరూ నా మాట వినడం లేదు."

ఎస్సై ముఖంలో చిరునవ్వు పోవడం అదే మొదటిసారి చూశాను. అప్పుడర్థమైంది నాకు, ఈ మనిషి మెట్ల మీద ఎందుకు కూర్చుందో. అరెస్టు చెయ్యమనే కూర్చుంది. నాకు చెబితే ఒప్పుకోనని చెప్పలేదు. జైలుకి పంపిస్తే? నలుగురూ ఏమంటారు? ఆవిడకి బీపీ ఉంది, మాత్రలు కూడా తేలేదు. ఆవిడ వైపు చూశాను. బతిమాలుతున్నట్టు లేదు. నేను పెట్టనని తెలిసినట్టే చూస్తోంది. ఆ నమ్మకం చూసి ఇంకా మండింది నాకు.

పెన్ను మూత పెట్టి బల్ల మీద పెట్టాను. "మా ఆవిడ తప్పు చేసిందని మీరే అన్నారు కదండీ. ఆయ్, కోర్టుకే తీసుకెళ్ళండి. పద్ధతి ప్రకారం కానివ్వండి" అన్నాను.

సాయంత్రం ఏలూరులో మేజిస్ట్రేటు గారి ముందు నిలబెట్టారు. నేను తలుపు దగ్గర ఉన్నాను. ఆయన కాగితాలు చూసి, అందరినీ అడిగే ప్రశ్నే అడిగారు. "పోలీసులు మిమ్మల్ని కొట్టారా? ఏమైనా చెప్పుకోవాలా?"

"నన్ను కొట్టలేదండీ. కాఫీ ఇచ్చారు. నేను చెప్పుకోవాల్సింది నా గురించి కాదండీ. వెదుళ్ళలంక నుంచి దుర్గేష్ అనే కుర్రాణ్ణి నా చేత్తో తీసుకొచ్చి ఈ స్టేషన్లో అప్పజెప్పాను. ఎస్సై గారు అడిగితేనే తెచ్చాను. ఇప్పుడు రాలేదంటున్నారు. నేను వాళ్ళమ్మకి పూచీ పడ్డానండీ. నన్ను జైలుకి పంపినా సరే, వాడు ఎక్కడున్నాడో అడగండి" అంది.

ఆయన పెన్ను ఆగింది. "మళ్ళీ చెప్పండి, నిదానంగా" అన్నారు. ఆవిడ చెప్పింది. ప్రతి మాటా రాసుకున్నారు. ఎస్సై వైపు తిరిగి, ఆ కుర్రాడి గురించి రేపు పొద్దున్నకల్లా తనకి జవాబు కావాలన్నారు. మా ఆవిడని సొంత పూచీ మీద వదిలేశారు. బయటికొచ్చాక మెట్ల మీదే కూలబడింది. నేను సోడా తెచ్చి తాగించాను. తిట్టలేదు.

మర్నాడు దుర్గేష్‌ని తెచ్చారు. ముందురోజు సాయంత్రం తాడేపల్లిగూడెం బస్టాండులో పారిపోబోతుంటే పట్టుకున్నామని చెప్పారు! బతికున్నాడు. అల్లా దయ! కానీ కుడి చెయ్యి మోచేతి దగ్గర వాచిపోయి వేలాడుతోంది. "ఈ దెబ్బేంటి?" అని మేజిస్ట్రేటు గారు అడిగారు. వాడు పక్కన నిలబడ్డ పోలీసులని చూశాడు. "బస్సు ఎక్కబోతూ జారి పడ్డానండి" అన్నాడు. రహీమా పళ్ళు బిగబట్టింది. ఆయన రెండోసారి అడిగారు, మూడోసారి కూడా అడిగారు. వాడు తలెత్తకుండా అదే మాట చెప్పాడు. ఆస్పత్రికి పంపించారు. కట్టు కట్టారు. బెయిల్ రావడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది.

బెయిల్ వచ్చిన రోజు మా ఆవిడ పక్కన దుర్గేష్‌ని చూసి రేవులో ముసలాయన పడవ దగ్గరికి తెచ్చాడు. నేనూ ఎక్కాను. ఎంత తిట్టినా ఆవిణ్ణి ఒక్కదాన్నే పంపే ధైర్యం నాకు పోయింది. అవతల లంకంతా ఒడ్డున నిలబడి ఉంది. రాజ్యం మోకాలి లోతు నీళ్ళలోకి వచ్చేసి పడవ పట్టుకుంది. కొడుకుని ముందు తడిమింది, ముఖం, వీపు. కట్టు విప్పేసిన ఆ చెయ్యి పట్టుకుని పైకి ఎత్తింది. వదిలేస్తే అది అలాగే కిందికి పడిపోయింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ పడిపోయింది. వల విసిరే చెయ్యి అది.

"తెచ్చారమ్మా" అంది మా ఆవిడతో. "సగవే తెచ్చారు."

జైలుకైనా సిద్ధపడ్డ మనిషికి ఇదా మాట అని అందామనుకున్నాను. రహీమా నన్ను మాట్లాడనివ్వలేదు. "నిజమేనమ్మా, సగమే తెచ్చాను. నన్ను ఏమన్నా పడతాను" అని, పడవలో కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. దిగలేదు. కళ్ళ నీళ్ళు ధారగా కారిపోతుంటే తుడుచుకోను కూడా లేదు.

దుర్గేష్ ఒక కాలు పడవలో, ఒక కాలు నీళ్ళలో పెట్టి ఆగిపోయాడు. తల్లిని చూశాడు, మా ఆవిణ్ణి చూశాడు, ఒడ్డున ఉన్న ఊరిని చూశాడు.

"నేను జారి పడలేదే అమ్మా" అన్నాడు. "విరిచారే. ఇద్దరు పట్టుకుని, ఒకడు విరిచాడు. ఎవరో నాకు తెలుసు."

రహీమా కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఈ మాట అక్కడ చెబుతావా నాయనా? మేజిస్ట్రేటు గారి ముందు? ఇప్పుడే కాదు, ఇంటికెళ్ళి అన్నం తిను, అమ్మ దగ్గర పడుకో, ఆలోచించుకో. చెబితే నీ మీద కోపం పెట్టుకుంటారు. నా మీద పెట్టుకున్నట్టు నవ్వుతూ పెట్టుకోరు" అంది.

దుర్గేష్ నీళ్ళలో ఉన్న కాలు తీసి పడవలో పెట్టాడు. "అన్నం తింటే భయమేస్తదండి. ఇప్పుడే పోదాం" అన్నాడు.

రాజ్యం చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని తనూ ఎక్కేసింది. పొద్దున్న తాగిన టీ తప్ప నా కడుపులో ఏమీ లేదు, పైన ఎండ మాడ్చేస్తోంది. "తల్లీ కొడుకులు బాగానే దొరికారే నీకు" అని మా ఆవిణ్ణి తిట్టుకుంటూనే, పక్కకి జరిగి వాళ్ళకి చోటిచ్చాను.